రొయ్యకున్న గడువు

విడవలూరు సెంటర్లో పొద్దున్నే టీ తాగేవాళ్లకు రెండు సంగతులు తెలియాలి. నూరు కౌంటు రొయ్య రేటెంత, ఏ నాయకుడు ఏ పార్టీలో ఉండాడు. మొదటిది ఫోన్లో తెలిసిపోతుంది. రెండోదానికి పేపరు వచ్చేదాకా ఆగాలి.

"యాడుండాడబ్బయా మనోడు?" అంటాడు పెద్దాయన.

"రాత్రి పడుకునేదాకా మన పార్టీలోనే పెదనాయనా!" అంటాడు కుర్రాడు. అంతకుమించి పూచీ పడడు.

పడకపోవడమే తెలివి. ఈ ఊరున్న కోవూరు నియోజకవర్గంలో 2009లో తెలుగుదేశం నుంచి గెలిచిన నల్లపరెడ్డి ప్రసన్నకుమార్‌రెడ్డే 2012 ఉపఎన్నికలో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి గెలిచారు. నెల్లూరు లోక్‌సభ ముచ్చట ఇంకా బాగుంటుంది. 2019లో ఎన్నికల ముందు తెలుగుదేశం వదిలి వైఎస్సార్ కాంగ్రెస్‌లోకి వెళ్లిన ఆదాల ప్రభాకరరెడ్డి గెలిచారు. 2024లో అటు నుంచి ఇటొచ్చిన వేమిరెడ్డి ప్రభాకరరెడ్డి గెలిచారు. ఫ్లెక్సీవాళ్లకు ఇంటిపేరూ రంగూ మారిస్తే సరిపోయింది.

వీళ్లంతా మళ్లీ జనం ముందు నిలబడి ఓటడిగారు, కాబట్టి సర్దుకోవచ్చు. చిక్కల్లా గెలిచిన సీటును చంకన పెట్టుకుని పక్కింటికి పోయేవాళ్లతోనే. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి గెలిచిన ఎమ్మెల్యేల్లో 23 మంది తెలుగుదేశంలో చేరారు, నలుగురు 2017లో మంత్రులూ అయ్యారు. వాళ్లమీద అనర్హత పిటిషన్లు స్పీకరు తేల్చకముందే అసెంబ్లీకే కాలం చెల్లింది. 2019లో తెలుగుదేశానికి దక్కిన సీట్లూ 23. టీకొట్టులో ఇప్పటికీ ఆ అంకె వినబడితే ఒకడు నవ్వుతాడు, ఇంకొకడు గ్లాసులోకి చూస్తాడు.

మరి 1985లో 52వ సవరణతో రాజ్యాంగం పదో షెడ్యూల్లో పెట్టిన ఫిరాయింపుల చట్టం? ఉంది. ఒక్కడు పోతే ఫిరాయింపు, మూడింట రెండొంతులు పోతే విలీనం! 2019లో తెలంగాణ కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 18 మందిలో సరిగ్గా 12 మంది లెక్క చూసుకుని టీఆర్ఎస్‌లో కలిశారు. తీర్పు చెప్పాల్సిన స్పీకరు సాధారణంగా అధికారపక్షం మనిషి. ఎప్పట్లోగా చెప్పాలో చట్టంలో లేదు.

విడవలూరు గుంటలో వనామి పిల్ల వదిలితే నాలుగు నెలలకు పట్టుబడి. ఆ 23 మంది మీది పిటిషన్లు స్పీకరు బల్లమీదున్న కాలంలో ఇక్కడ ఎన్ని పట్టుబడులు అయ్యుంటాయో, తెగుళ్లొచ్చి పోయినవి తీసేసే లెక్కేసుకోండి.

తల్చుకుంటే కాదా? ఈ జిల్లా చవటపాలెం నుంచి వెళ్లిన వెంకయ్యనాయుడు 2017లో రాజ్యసభ ఛైర్మన్‌గా ఎంపీలు శరద్ యాదవ్, అలీ అన్వర్‌ల ఫిరాయింపు వ్యవహారాన్ని సుమారు మూడు నెలల్లో తేల్చేశారు. ఈ పనిని స్పీకరు నుంచి స్వతంత్ర ట్రైబ్యునల్‌కు అప్పగించే సంగతి పార్లమెంటు ఆలోచించాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జూలైలో ఇలాంటి పిటిషన్లు తేల్చడానికి తెలంగాణ స్పీకరుకు మూడు నెలల గడువే పెట్టింది. ఒక్క కేసుకు కోర్టు పెట్టిన ఆ గడువును పదో షెడ్యూల్లోనే రాయాలి.

ఈసారి ఏ కండువాతో ఎవరొచ్చినా విడవలూరువాళ్లు అడగవలసింది ఒకటే. ఆ గడువు రాసే సవరణకు చెయ్యెత్తుతావా సామీ అని. జవాబు కాయితం మీద రాయించుకోండి.