స్టిక్కరా, పెయింటా?

హమ్మయ్య, తేలిపోయింది. ముత్తంగి దగ్గర ఔటర్ దిగి, మన సర్వీసు రోడ్డు మీద చాయ్ తాగడానికి ఆగిన ఆ ఆకుపచ్చ పోర్షె ఒంటి మీదున్నది స్టిక్కర్ కాదట. ఫ్యాక్టరీలో కొట్టిన పెయింటేనట. ఈ శుభవార్త చెప్పడానికి మా మేనల్లుడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. ఆ వేళప్పుడు ఫోన్ మోగితే మా ఇంట్లో ఊళ్లో ఎవరో పోయారనుకుంటారు. ఇస్నాపూర్ నుంచి సదాశివపేట దాకా కుర్రాళ్లకు కునుకు లేకుండా చేసిన మీమాంస ఇది. జిల్లా యంత్రాంగం కూడా ఈపాటికి ఊపిరి పీల్చుకునే ఉంటుంది.

కారు చూసి ముచ్చటపడితే తప్పేం లేదు, నేనూ పడతాను. కానీ ఇప్పుడు ఊరికే చూడటం నామోషీ. ‘స్పాట్’ చెయ్యాలి. స్పాట్ చేశాక ‘వెరిఫై’ చెయ్యాలి. వెరిఫై అయ్యేదాకా ఆ కారు అందంగా ఉందో లేదో చెప్పకూడదు. స్టిక్కరని తేలితే అప్పటిదాకా లొట్టలేసినవాళ్లంతా ఛీ అనాలి మరి.

పోర్షె వాళ్ల దగ్గర ‘పెయింట్ టు శాంపుల్’ (పీటీఎస్) అని ఒక ఏర్పాటుంది. మామూలు క్యాటలాగులోని రంగులు ఆనని మహానుభావులు అదనంగా డబ్బు కట్టి, నూటికి పైగా రంగులున్న ఇంకో పట్టికలోంచి ఏరుకోవచ్చు. అదీ చాలకపోతే, ఇంకాస్త కట్టి, తమకు నచ్చిన వస్తువేదో చూపించి అచ్చం అదే రంగు కలిపించుకోవచ్చు. ఆ రంగు ఖర్చుతో మన దగ్గర ఒక చిన్న మారుతి వస్తుంది, దాని రంగుతో సహా. అదే ఛాయ వినైల్ స్టిక్కర్ రూపంలో హైదరాబాదులో అందులో చిన్న వంతుకే దొరుకుతుంది. పది అడుగుల దూరం నుంచి చూస్తే బ్రహ్మకు కూడా తేడా తెలియదు. అందుకే ఈ పరీక్షలు.

మొదట తలుపు తీయించాలి. స్టిక్కర్ వేసేవాడు పైపైన చుట్టి అంచు దగ్గర ఆపేస్తే, లోపలి పట్టీలో పాత రంగు దొరికిపోతుంది. తర్వాత పెట్రోలు మూత తెరిపించాలి. ఆ తర్వాత బానెట్ బోల్టుల నెత్తిన పెయింటు చెదిరిందేమో చూడాలి. ఓనరు చాయ్ కప్పుతో నిలబడి ఉంటాడు, మా వాడు మోకాళ్ల మీద కూర్చుని చక్రం సందులో టార్చి వేస్తుంటాడు. వెనకటికి పెళ్లిచూపుల్లో పిల్లను నడిపించి, పాడించి, జడ సొంతదేనా అని లాగి చూసేవారే, అచ్చం ఆ తంతు. ఆ పిల్లకైనా సిగ్గేసేది. ఈ ఓనరు మురిసిపోతున్నాడు.

ఇక మిషన్. అది లేనివాడు ఈ శాస్త్రంలో శూద్రుడి కింద లెక్క. అరచేతిలో ఇమిడిపోతుంది. తలుపు రేకుకు ఆనిస్తే బీప్‌మని పెయింటు మందం మైక్రాన్లలో చెప్తుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కంపెనీ పెయింటు మామూలుగా వందకూ నూట యాభైకీ మధ్య ఉంటుంది. స్టిక్కర్ వేస్తే ఇంకో వంద కలుస్తుంది. బాగానే ఉంది. కానీ ఇంత డబ్బు పోసి కొన్నవాడు గీతలు పడకుండా పీపీఎఫ్ పొర వేయించకుండా ఉంటాడా? కంటికి కనపడని ఆ పొర మందం కూడా నూట యాభై, రెండొందలు. అంటే మిషన్ మూడొందలు చూపించిందనుకోండి. అది స్టిక్కరా, పొరా, రెండూనా, లేక ఎక్కడో గుద్దుకుంటే పుట్టీ పెట్టి మళ్లీ కొట్టారా? మిషన్‌కు తెలియదు, పట్టుకున్నవాడికి అసలే తెలియదు.

అక్కడితో అయిపోలేదు. అది లోహం మీద పనిచేసే మిషన్. బంపర్ ప్లాస్టిక్. ఆ కారు జీటీ3 రకం, బానెట్ కార్బన్ ఫైబర్. వాటి మీద పెడితే కిక్కురుమనదు. మా వాడు బంపర్ మీద అటు తిప్పి ఇటు తిప్పి, బ్యాటరీ మార్చి, మళ్లీ ఆనించి, చివరికి తేల్చాడు: “ఏం చూపిస్తలేదు మామా. అంటే అంత పల్చగ కొట్టిర్రు. పక్కా కంపెనీ పని.” చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ఇంజనీరింగ్ చదువుతున్నవాళ్లు కూడా ఊపారు.

మా వీధి చివరి డెంటింగ్ షెడ్డులో మేస్త్రి ఉన్నాడు. వేలు మడిచి రేకు మీద టకటకా కొట్టి, పుట్టీ ఎక్కడుందో మాటల మధ్యలోనే చెప్పేస్తాడు. రంగు కలపాలంటే డబ్బాలోకి ఒక్కో చుక్కా వదిలి, అట్టముక్క మీద కొట్టి, ఎండలో పట్టుకుని చూస్తాడు. ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని స్ప్రే కొడతాడు. ఆయన్ని పిలవరా అంటే “ఆయనకు పీటీఎస్ అంటే తెల్వదు మామా” అన్నాడు. చివరికి కారు పుస్తకంలోని కోడ్ ఫోటో తీసి దుబాయ్‌లో ఉన్న ఇంకో పండితుడికి పంపితే, ఆయన అవునన్నాడు. ఆ సాక్ష్యంతోనే నా నిద్ర చెడింది. యాప్‌లో ఆర్సీ కూడా చూశారు, ఆ స్క్రీన్‌షాట్ నాకూ వచ్చింది. రంగు అన్న చోట ‘గ్రీన్’ అని ఉంది. ఈ మొత్తం వ్యవహారంలో మతి ఉన్న మాట అదొక్కటే.

పిచ్చి రంగుతోనే ఆగదు. 2024 ఆగస్టులో ఖైరతాబాదు రవాణా ఆఫీసు వేలంలో ‘టీజీ 09 9999’ నంబరు రూ. 25.50 లక్షలకు పోయింది. దాని గురించి ఇంకోసారి ఏడుద్దాం. అదే ఏడాది ఏప్రిల్లో నగర శివార్లలో అమ్మకం గొడవతో పసుపు లంబోర్గినిని తగలబెడితే, అయ్యో ఒరిజినల్ పెయింటు అని కుమిలిపోయినవాళ్లను నా చెవులతో విన్నాను.

వీటన్నిటికీ నవ్వి ఊరుకునేవాణ్నే. ఒళ్లు మండింది ఫోటో దగ్గర. ఛాయ సరిగ్గా పడాలంటే చుట్టూ బిల్డింగులు ఉండకూడదట. అందుకని కారును బొల్లారం తీసుకెళ్లి ఆసానికుంట దగ్గర ఆపారు. ఫోటోలో కారుంది, ఆకాశముంది, కుంట లేదు. ఏమైందిరా అంటే, “ఎనక ఆ ఎర్ర నీళ్లతోని షేడ్ ఖరాబైతున్నది మామా, క్రాప్ చేసినం.”

క్రాప్ చేశారు! నలభై ఏళ్లుగా అందరూ చేస్తున్నది అదే కదా. నక్కవాగు ఏ రంగులో పారి మంజీరలో కలుస్తుందో చూడలేదా మనం? ఈ ఫ్యాక్టరీల కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. డాక్టర్ కిషన్‌రావు లాంటివాళ్లు దశాబ్దాల తరబడి ఆఫీసుల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరిగారు. మరి ఆ నీళ్లలో కలిసిన మందుల్ని కొలిచిందెవరు? స్వీడన్ నుంచి వచ్చినవాళ్లు కొలిచారు. అప్పట్లో దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు చేరిన పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం దగ్గర నీళ్లు పట్టుకెళ్లి, 2007లో లెక్క బయటపెట్టారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్. రోజుకు సుమారు 45 కిలోల మందు వాగు పాలు. మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా ఆ మోతాదు ఉండదు. గుర్తుంచుకోండి, అది శుద్ధి చేశాక వదిలిన నీరు. లోకమంతా ఆ అంకెలు చదివి బెంబేలెత్తింది. ఇక్కడ మనకు మాత్రం వెయ్యో వంతు మిల్లీమీటరు తేడాను పట్టుకునే చూపుంది గానీ, గట్టు మీద నిలబడితే కళ్లు మండించే కుంట కనపడదు.

ఇంకో మాట కూడా అనేస్తాను, కోపగించుకునేవాళ్లు కోపగించుకోండి. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచీ ఫ్యాక్టరీ పేలింది. 46 మంది చనిపోయారని తేల్చారు. ఇంకో 8 మంది ఆనవాలు కూడా దొరకలేదు. ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చినవాళ్లు ఫోన్లలో కొడుకుల ఫోటోలు పట్టుకుని, రక్తమిచ్చి, డీఎన్‌ఏ కలిసిందా లేదా అని ఆసుపత్రి దగ్గర పడిగాపులు కాశారు. నిర్ధారణ అంటే అది. ఒరిజినలా కాదా అని చచ్చేంతగా తెలుసుకోవలసిన అవసరం అంటే అది. షిఫ్టులో లోపల ఎవరెవరున్నారో ఆ పూట గడగడా చెప్పగలిగినవాడు లేడు. జర్మనీలో ఎన్నడో తయారైన కారు మీద ఎవరు ఏ కోడ్ రంగు కొట్టారో మాత్రం మనవాళ్లు రాత్రి పదకొండింటికల్లా చెప్పేస్తారు.

ఈ మాటే ఫోన్లో అంటే మా వాడు కాసేపు మాట్లాడలేదు. “రెండిటికీ ఏం సంబంధం మామా” అన్నాడు. రోడ్డు ఒకటే కదరా అన్నాను. నీళ్లలో కరిగిన ఉప్పుల్ని కొలిచే టీడీఎస్ మీటరు కొన్ని వందలకే వస్తుంది, నీ మిషన్ ఖరీదులో పదో వంతు ఉండదు, నేనే కొనిస్తా, వచ్చే ఆదివారం కిష్టారెడ్డిపేటలో బోర్లన్నీ తిరిగి కొలిచి అంకెలు పెట్టు అన్నాను.

“అది చూడనీకి ఎవ్వడొస్తడు మామా,” అన్నాడు. తర్వాత, జహీరాబాద్ వైపు నుంచి ఊదా రంగు లంబోర్గిని ఒకటి వస్తోందని, అది మాత్రం స్టిక్కరేనని తనకు గట్టి అనుమానమని చెప్పాడు.