బోర్డు మీది రెండు వాక్యాలకు టీకా తాత్పర్యం

మూలము:

వర్కింగ్ పేపర్స్ లేనివారికి పని లేదు.
ఆడిట్ జరుగుచున్నందున వర్కింగ్ పేపర్స్ చూపబడవు.
ఇట్లు, యాజమాన్యం

అవతారిక: ఈ కృతి మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసు గోడకు, గడియారం కింద వ్రేలాడుచున్నది. కవి పేరు యాజమాన్యము. 'అప్పు రేపు', 'చెప్పులు బయట విడువవలెను' అను కృతులు కూడ ఈయనవే యని కొందరందురు. వానిలో అర్థము తెలియుచున్నది గనుక ఈయనవి కావని మా మతము. హమాలీ ఒకడు కిటికీ పట్టుకొని, "సారూ, ఏండ్ల సంది ఈడనే బస్తాలు మోస్తున్న. పీఎఫ్ పైసలకు ఏదో కాయితం కావాలంట" అనగా, గుమాస్తా తల యెత్తక వ్రేలితో బోర్డు చూపెను. ఆ వ్రేలే ఈ వ్యాఖ్యకు ప్రేరకము.

ప్రతిపదార్థము: 'పని', 'లేదు' అను పదములు ఆ ప్రాంతమున అందరికిని అనుభవైకవేద్యములు గాన విడిచితిమి.

పాఠాంతరము: సూర్యాపేట ఫ్లెక్సీ ప్రతిలో 'వాకింగ్ పేపర్స్' అని యున్నది. లేఖకప్రమాదమని తోసివేయరాదు. ఈ బల్లనుండి ఆ బల్లకు, అచ్చటినుండి కాంట్రాక్టరు ఇంటికి నడచునవి గనుక సార్థకమే. కోదాడ ప్రతిలో రెండవ వాక్యము లేదు. అచ్చట మొదటి వాక్యముతోనే జనులు వెనుదిరుగుదురు కాబోలు.

వ్యాఖ్య: ఒకే పదము రెండుమారులు వచ్చి అర్థము మారినది గాన యమకము. మొదటి వాక్యమున వర్కింగ్ పేపర్స్ అనగా పనివాని చేతిలో ఉండవలసినవి: నియామక పత్రము, వయసు రుజువు వగైరా. రెండవ వాక్యమున ఆడిటరు వ్రాసికొనునవి: ఏ లెక్క చూచెను, ఎవరిని ఏమడిగెను, ఏ జవాబు పుచ్చుకొనెను, దానినిబట్టి ఏమి తేల్చెను అనునవి. మన దేశపు 230వ ఆడిట్ ప్రమాణము ప్రకారము, ఆ పనితో ముందు సంబంధము లేని అనుభవజ్ఞుడైన మరియొక ఆడిటరు చదివినను సంగతి బోధపడవలెను. నివేదిక ఇచ్చిన తరువాత మామూలుగా 60 రోజులలో దస్త్రము కూర్చి ముగించవలెను. ఏడేండ్లకు తక్కువ కాకుండ భద్రపరచవలెను.

ఇచ్చట మల్లినాథసూరి స్మరణీయుడు. మెదక్ సీమలోని కొల్చారము వాడని ప్రసిద్ధి. ఆధారము లేనిది వ్రాయను, అక్కర లేనిది చెప్పను అని ప్రతిజ్ఞ చేసి పంచకావ్యములకు వ్యాఖ్య వ్రాసినాడు. చెడ్డ వ్యాఖ్యల విషముతో కాళిదాసు వాక్కు మూర్ఛిల్లినదనియు, తన 'సంజీవని' దానిని లేపుననియు ఆయన ధీమా. నా దృష్టిలో తెలుగు నేల మీద మొదటి ఆడిటరు ఆయనే. మాట మాటకు 'ఇత్యమరః' అని అమరకోశమును చూపును, పాణిని సూత్రమును చూపును. నేటి ఆడిటరు ఎర్ర పెన్సిలుతో పెట్టు టిక్కు గుర్తు ఇదే కదా! ముఖ్యవిషయ మేమనగా, కాళిదాసు మాటకు అర్థము కాళిదాసునే అడిగి వ్రాసికొనలేదు. కవితో ఏ లావాదేవీ లేని కోశకర్త యగు అమరసింహుని నడిగినాడు. బయటివాని సాక్ష్యమే సాక్ష్యము. భారవి కావ్యమునకు ఆయన వ్రాసిన వ్యాఖ్య పేరు 'ఘంటాపథము', అనగా ఏనుగులు గంటలు మ్రోగించుచు నడచు రాజమార్గము. ఇప్పుడు అట్టిది సూర్యాపేట, కోదాడల మీదుగా బెజవాడకు పోవు 65వ నంబరు జాతీయ రహదారి. ఏనుగులకు బదులు ధాన్యపు లారీలు. గంటలకు బదులు హారన్లు.

ఈ విద్య హైదరాబాదులో ఎప్పుడు మరచిరో తెలిసినదే. 2009 జనవరి 7న సత్యం కంపెనీ అధిపతి రామలింగరాజు, లెక్కలలో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవని స్వయముగా లేఖ వ్రాసెను. బ్యాంకుల నడిగి తెచ్చుకొనవలసిన నిర్ధారణ లేఖల రాకపోకలను ఆడిట్ సంస్థ కంపెనీ చేతికే వదలినదని 2011లో అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ తేల్చినది. అనగా అమరకోశము ప్రతిని కాళిదాసు ఇంట అచ్చువేయించి తెచ్చుకొనిరి.

ఏమి చెప్పుచుంటిమి? ఆఁ, హమాలీ.

పూర్వపక్షము: ఆడిట్ కాగితములు రహస్యములు గదా, ఎట్లు చూపుదురు? సమాధానము: నిజమే, అవి ఆడిటరు సొత్తు. అందుచేతనే 'చూపబడవు' అనుటకు మిల్లుకు హక్కు లేదు, తనవి కావు గనుక. హమాలీకి కావలసినది హాజరు పట్టీ, కూలి రిజిస్టరు. అవి మిల్లువి. ఆడిటరు వచ్చినను పోయినను మిల్లులోనే ఉంటాయి. ఒకరి సొత్తు పేరు చెప్పి తన పుస్తకం దాచుకోవడాన్ని శ్లేష అనరు, దబాయింపు అంటారు.

అలంకారము: అసంగతి. కారణ మొకచోట, కార్యము మరొకచోట. బరువు హమాలీ వీపు మీద, దాని లెక్క మేస్త్రీ జేబులోని చిట్టాలో. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన పనివాడికి ఫొటో అంటించిన పాస్‌బుక్కు కాంట్రాక్టరే ఇవ్వాలనీ, పని చోటు, కాలం, కూలి రేటు అందులో ఉండాలనీ 1979లోనే చట్టం చేశారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు నియామక పత్రం ఇవ్వడం యజమాని విధి అన్నాయి. యజమాని ఇవ్వవలసిన కాగితాన్ని పనివాడి దగ్గర అడగడం ఈ మొదటి వాక్యంలోని చమత్కారం. అలంకారశాస్త్రం రాసిన మమ్మటుడికి కూడా తట్టలేదు.

2020 మేలో, కరోనా లాక్‌డౌన్ నడుమ, యాసంగి వడ్లు కుప్పలు పడి ఉంటే, బీహారులోని ఖగడియా నుంచి రెండు వందలకు పైగా హమాలీలు 8వ తేదీన రైల్లో లింగంపల్లి దిగారు. రైస్ మిల్లుల కోసం వచ్చిన వాళ్లకు పూలిచ్చి స్వాగతం చెప్పారు. అంతకు వారం ముందే, మే 1న, అదే లింగంపల్లి నుంచి వలస కార్మికుల మొదటి ప్రత్యేక రైలు జార్ఖండ్‌కు వెళ్లిపోయింది. మనిషి లేకపోతే మిల్లు తిరగదని ఆ నెలలో ఏ పేపరూ చూడకుండానే అందరికీ తెలిసింది.

విశేషము: వర్కింగ్ పేపర్స్‌కు ఉన్న ఈ రెండు అర్థాలూ ఒకచోట కలిసిన సందర్భం మన దగ్గరే ఉంది. మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ మూడూ అప్పట్లో ఉన్న నల్లగొండ జిల్లా, 2006లో ఉపాధి హామీ మొదలైన తొలి జిల్లాలలో ఒకటి. జాబ్ కార్డు కూలివాడి చేతి కాగితం. మస్టరు, అంటే హాజరు పట్టీ, తనిఖీ నాడు ఆడిట్ కాగితం. సామాజిక తనిఖీలో ఆ మస్టరును ఊరి మధ్య పైకి చదివేవారు. పేరు వినబడగానే ఆ మనిషి లేచి, పనికి పోయిందీ లేనిదీ చెప్పగలిగేవాడు. అమరసింహుడు జనంలోనే కూర్చుని ఉండేవాడన్నమాట. అక్కడా జాబ్ కార్డులు ఫీల్డ్ అసిస్టెంటు ఇంట్లో కట్టలుగా దొరికిన ఊళ్లు ఉన్నాయి. అయినా అడిగే హక్కంటూ ఒకటి ఉండింది. రైస్ మిల్లులో కిటికీ మాత్రమే ఉంది.

తాత్పర్యము: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో బోర్డులు రాయించే వారికి మనవి. రెండో వాక్యం చెరిపేయండి. మొదటిది ఉంచదలిస్తే, ఆ కాగితం ఇవ్వవలసింది ఎవరో, ఏ తేదీన ఇస్తారో దాని కిందే రాయించండి. హాజరు పట్టీ నకలు అడిగినవాడికి ఇవ్వండి. జిరాక్సు ఖర్చు హమాలీయే పెట్టుకుంటాడు.