పలుగు పక్కన పెట్టి పెరడు చేయండి

ఈ సలహాలు విన్నవాళ్లు తలకిందుల మాటలంటారు. అననివ్వండి. నందివెలుగు నుంచి దుగ్గిరాల వెళ్లే దారిలో కొత్త మేడల ముందూ వెనకా పరిచిన పచ్చగడ్డిని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. చుట్టూ కృష్ణా డెల్టా నల్లరేగడి, ఇంటి ఆవరణలో మాత్రం కూరాకు మొలవని లాను. నడివేసవిలో ఒక్క సెంటు గడ్డి పచ్చగా నిలవాలంటే రోజుకు 200 లీటర్ల దాకా నీళ్లు పట్టాలి. అదీ పంట కాలువలు కట్టేసిన రోజుల్లో! ఆ నేలను కూరగాయలకు మళ్లించాల్సిందే. అయితే గడ్డి పీకి మాత్రం కాదు.

పీకితే ఏమవుతుంది? గరిక వేరు తెగిన ప్రతి ముక్కా మళ్లీ మొలుస్తుంది. పలుగుతో తవ్వినకొద్దీ దాన్ని పెరడంతా నాటినట్టే. గడ్డిమందు కొట్టారా, రేపు తినబోయే కూర మొలిచేది ఆ మట్టిలోనే. గరిక తట్టుకోలేనిది నీడ. అందుకే ముందు పందిరి వేయండి. బాపట్ల, చీరాల వైపు నుంచి వచ్చే సరుగుడు రాటలు చాలు. తుపాన్ల కాలం దాటాలి కాబట్టి లోతుగా పాతండి. తొలకరికి బీర, పొట్ల గింజలు పెడితే రెండు నెలల్లో కాపుకొస్తాయి. ఆషాఢంలో పెట్టిన చిక్కుడు పందిరంతా అల్లుకుని, పొద్దు తగ్గాక పూతకొస్తుంది. పాతరకం తీగచిక్కుడు మాఘంలో పెడితే ఆకే తప్ప కాయ చూడరు. పైన తీగ కమ్మేకొద్దీ కింద గరిక పలచబడుతుంది. మరుసటి ఏడు ఆ నీడలోనే పసుపు, అల్లం, కంద పెట్టుకోవచ్చు. పసుపు యార్డు ఉన్న దుగ్గిరాల పక్కనే ఉండి, పచ్చి పసుపు కొమ్ము బజార్లో కొనుక్కోవడమేమిటి?

పందిరి చాలని చోట అట్టపెట్టెలు విప్పి గడ్డి మీదే పరచండి. ప్లాస్టిక్ టేపు తీసేయండి, అంచులు ఒకదాని మీదికొకటి ఎక్కించండి, బాగా తడపండి. పైన మాగిన పశువుల ఎరువు, ఆ పైన జానెడు వరిగడ్డి. వానాకాలమంతా అలాగే వదిలేయండి. గోడకు రెండడుగులు ఎడం ఉంచండి, చెదలు ఇంట్లోకి రాకుండా. ఒకేసారి పెరడంతా కప్పకండి. ఏడాదికి ఒక మడి చాలు. జపాన్ రైతు ఫుకుఓకా దున్నకుండా, గడ్డి కప్పి వరి పండించాడు. మనం బీరపాదుకు ఆ పని చేయలేమా?

మట్టి కొనకండి. ఎర్రమట్టి, ఇసుక తెచ్చి రేగడిలో కలిపితే అది గుల్లబారదు. ఎరువూ ఆకూ కుళ్లితేనే గుల్లబారుతుంది. తడి రేగడిని తొక్కకండి. మెరక తోలిన స్థలమైతే అడుగున గ్రావెల్ ఉంటుంది, అక్కడ మొక్క పెట్టేచోట మాత్రమే గుంట తీసి ఎరువు నింపండి. జీవామృతం ఎకరం కొలతలో పదోవంతు చేసుకుంటే పెరటికి ధారాళం: 20 లీటర్ల నీళ్లు, కిలో పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు మట్టి. నీడలో రెండు రోజులు, పూటపూటా కలుపుతూ.

మొదటి ఏడు టమాటా, వంగ జోలికి పోకండి. వాటి పురుగూ తెగులూ చూసి బెంబేలెత్తి చాలామంది మళ్లీ లాను పరిచేస్తారు. గోంగూర, తోటకూర, తీగబచ్చలి వేయండి. వాడకనీళ్లు పోయేచోట అరటి, మెరకన మునగకొమ్మ. మునగ వేరు నీళ్లలో నానితే చస్తుంది. కలుపని పీకేవాటిలో గంగవాయిలి, పొన్నగంటి, తెల్లగలిజేరు ఉంటాయి. ఊళ్లో ఆకు తెలిసిన పెద్దమ్మకు చూపించి పప్పులో వేసుకోండి.

రేపల్లె, నిజాంపట్నం వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉన్న ఇళ్లవాళ్లు చిక్కుడు మీద ఆ నీళ్లు పోయకండి. వాన నీటితో పెంచండి, లేదా కొబ్బరి, సపోటా పెట్టండి. బాపట్ల ఇసుక నేలల్లో రైతులు దొరువులు తవ్వి, ఉప్పునీటి మీద తేలే తీపినీటిని పైపైన తోడి కూరగాయలు పండించారు. అక్కడ లోతు బోరు వేయడమే తప్పు.

పిల్లలు ఆడుకునే చోట గడ్డి ఉంచండి, దాన్ని ముట్టుకోవద్దు. మిగతా దానిలో ఈ ఆషాఢానికి నాలుగు రాటలు పాతి, చిక్కుడు గింజ పెట్టండి. రెండో మడి సంగతి వచ్చే ఏడు చూసుకోవచ్చు.