పదకొండు నెలల సారు

మా గల్లీలో ఆయన అసలు పేరు కరెంటు బిల్లు ఇచ్చేవాడికి తప్ప ఎవరికీ తెలియదు. చిన్నా పెద్దా అందరికీ పదకొండు నెలల సారే. నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు పోయినా, రామగిరి వైపు పోయినా ఇలాంటి సారు ఒకరు తగలక మానరు. మహబూబ్‌నగర్‌ న్యూటౌన్‌లో, మెట్టుగడ్డలో ఈయన వర్గంవారికి కొదవ లేదు. ఏళ్లకేళ్లు సర్కారు దఫ్తరులో ఫైళ్లు మోసి, రిటైరైననాడు వచ్చిన పైసలన్నీ ఇటుకల్లో పోసి, కింద తాము ఉండి పైన రెండంతస్తులు కిరాయికిచ్చుకున్న జాతి అది. సారు ఇంట్లో ఎన్జీ కాలేజీ పోరగాండ్లున్నారు, మెడికల్‌ కాలేజీ ఆస్పత్రి నర్సమ్మలున్నారు, పెళ్లాంబిడ్డలతో ఒక ఆర్టీసీ కండక్టరున్నాడు. రోడ్డు వైపు రెండు మల్గీలు. ఒకదాంట్లో టైలరు, ఇంకోదాంట్లో సెల్‌ఫోన్‌ రిపేరు.

మిగతా ఓనర్లకు ఒకటో తారీఖు వస్తే కిరాయి గుర్తొస్తుంది. సారుకు కోర్టు గుర్తొస్తుంది. కిరాయి అయిదు రోజులు లేటైనా ఓర్చుకుంటారు. ‘కేసు’ అనే మాట వింటే మాత్రం ఆయనకు బీపీ గోళీ పడాలి. ఇంత ఇల్లు కట్టింది ఎవడో మెట్ల మీద జారిపడి దావా వేసి గుంజుకుపోవడానికి కాదని ఆయన పట్టుదల. అందుకే ఆ ఇంట్లో గోడల కంటే బోర్డులు ఎక్కువ.

గేటుకు ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అని ఉంటుంది. కుక్క లేదు. ఉంటే కరుస్తుంది, కరిస్తే కేసవుతుంది కాబట్టి బోర్డుతో సరిపెట్టుకున్నారు. బండ్లు పెట్టేచోట ‘వాహనాలకు యాజమాన్యం బాధ్యత వహించదు.’ మెట్ల దగ్గర ‘జారిపడినచో యాజమాన్యం బాధ్యత వహించదు.’ పెరట్లో కొబ్బరిచెట్టుకు తీగతో కట్టిన రేకు మీద ఎర్రరంగుతో ఇలా ఉంటుంది: ‘కాయ నెత్తిన పడినచో యాజమాన్యం బాధ్యత వహించదు. కాయ మాత్రం యాజమాన్యానిదే.’

బోర్డులు చదివి కూడా ఇల్లు కావాలన్న ధైర్యవంతులకు సారు కిరాయినామా తీస్తారు. వంద రూపాయల స్టాంపు కాయిదం ఒకటి, దానికి కుట్టిన తెల్ల కాయిదాలు ఎనిమిది. చదవనివ్వరు, తామే చదివి వినిపిస్తారు. ‘సదరు ఇంట్లోకి కోతులు వచ్చి గిన్నెలు ఎత్తుకుపోయిన యెడల, బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై కిరాయిదారు పళ్లు పచ్చబడిన యెడల, ఎండకాలం స్లాబు కాగి నిద్ర పట్టని యెడల, యజమానిపై ఎటువంటి దావా చేయజాలనని నా రాజీఖుషీతో రాసి ఇచ్చిన కిరాయినామా.’ నర్సమ్మ ఒకామె అడిగింది, ‘సార్‌, మరి యజమాని దేనికి బాధ్యుడు?’ అని. సారు అద్దాలు సర్దుకుని, ‘కిరాయి తీసుకునుటకు’ అన్నారు.

ఫ్లోరైడు నీళ్లలో పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేస్తే, అది మా ఊరి పేరుతో నల్లగొండ టెక్నిక్‌ అని లోకమంతా తెలిసింది. సారుది రెండో నల్లగొండ టెక్నిక్‌. కాయిదం మీద సిరా పోస్తే బాధ్యతంతా అడుక్కి దిగిపోయి, పైన తేటగా ఆస్తి ఒక్కటే మిగులుతుందని ఆయన నమ్మకం.

ఇక పదకొండు నెలల సంగతి. 1908 రిజిస్ట్రేషన్‌ చట్టం మూలపాఠం ప్రకారం ఏడాదికి మించిన కిరాయి ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలి. స్టాంపు ఖర్చు, ఆఫీసు చుట్టూ తిరుగుడు తప్పించుకోవడానికి దేశమంతా పదకొండు నెలలే రాసుకుంటుంది. సారు దీన్ని ఖర్చు తగ్గించే ఉపాయమనుకోరు, ప్రాణరక్ష అనుకుంటారు. పదకొండో నెల నిండేసరికి కొత్త కాయిదం, కొత్త సంతకాలు, కొత్త సాక్షులు. సాక్షి సంతకానికి గల్లీలో సారుకు దొరకనివాడు లేడు. అందుకే నెలాఖరున ఆయన గేటు తీసిన చప్పుడైతే మేమంతా లోపలికి పోతాం.

ఈ భయం ఊరికే రాలేదు. వాళ్ల తాతకు దేవరకొండ దిక్కున భూములుండేవి. తాను దున్నలేక కౌలుకిచ్చాడు. 1950 హైదరాబాద్‌ టెనెన్సీ చట్టం వచ్చింది, దున్నినవాళ్లు రక్షిత కౌలుదారులయ్యారు, తర్వాత భూమి తమదేనన్న 38-ఇ సర్టిఫికెట్లు చేతికొచ్చాయి. దున్నినవాడికి భూమి దక్కడం న్యాయమే. సారు కూడా అది న్యాయమనే అంటారు, రాజకీయాలు మాట్లాడేటప్పుడు. ఇంటి విషయానికి వస్తే మాత్రం ‘కిరాయికున్నోడు పన్నెండేండ్లుంటే ఇల్లు వానిదే అయితది’ అంటూ వేళ్లు లెక్కపెడతారు. టైలరుకు పదకొండో ఏడు నడుస్తోంది. వాడు గోడకు మొల కొడితే ఆ చప్పుడు సారు గుండెలో వినిపిస్తుంది.

ఇట్లుండగా డాలస్‌లో ఉన్న కొడుకు ఫోన్‌ చేశాడు. అక్కడ వాడు రెండిళ్లు కొని కిరాయికిచ్చాడు. ‘నాయినా, ఈడ ఒక్కో ఇల్లు ఒక్కో ఎల్‌ఎల్‌సీ కంపెనీ పేరు మీద పెడ్తరు. ఒక ఇంటి మీద కేసైతే ఇంకో ఇంటికి అంటదు. పైనుంచి అంబ్రెల్లా పాలసీ తీస్కుంటరు. నువ్వేమో అన్నీ నీ పేరు మీదనే పెట్టుకున్నవ్‌’ అన్నాడు. ఆ రాత్రి సారు నిద్రపోలేదు. తెల్లారేసరికి మూడు కంపెనీల పేర్లు రాసిపెట్టారు. మొదటి అంతస్తుకు యాదాద్రి, రెండో అంతస్తుకు చెర్వుగట్టు, మల్గీలకు మన్యంకొండ. మన్యంకొండ పాలమూరు (మహబూబ్‌నగర్‌) దిక్కుది కదా అంటే, మల్గీ పడ్డ జాగా అత్తగారిచ్చిందని, అత్తగారిది పాలమూరని జవాబు. కంపెనీలు నడిచేదాకా ఆగలేక ముందుగా ఇల్లంతా భార్య పేర గిఫ్టు డీడు రాసి సబ్‌రిజిస్ట్రార్‌ ఆఫీసులో రిజిస్టరు చేయించారు. పేర ఇల్లే లేని మనిషి మీద దావా ఎవడేస్తాడని ఆయన ధీమా.

ఆ ధీమాతోనే కాయిదాల సంచి పట్టుకుని జిల్లా కోర్టు దగ్గరున్న వకీల్‌ సాబ్‌ దగ్గరికి పోయారు. తోడుగా నన్ను తీసుకుపోయారు, అవసరమైతే సాక్షి సంతకానికి పనికొస్తానని.

వకీల్‌ సాబ్‌ నిదానస్తుడు. ముందు కిరాయినామా తిరగేశాడు.

‘సారూ, పన్నెండేండ్ల భయం మీకెవరు జెప్పిండ్రు? కిరాయి కడ్తా ఉన్నోడు మీరే ఓనరని ఒప్పుకున్నట్టే. ఎన్నేండ్లున్నా గట్ల ఇల్లు వానిదెట్లయితది? మీ కాడ కిరాయి రశీదులున్నయా?’

సారు తల గోక్కున్నారు. ఎనిమిది పేజీల షరతులున్నాయి కానీ రశీదు బుక్కు లేదు. రశీదిస్తే ఆదాయం లెక్కలోకి వస్తుందని ఇవ్వలేదు.

‘గదే కావాల్సిన కాయిదం. ఇకనుంచి కిరాయి బ్యాంకుల వేయించుకోండ్రి. ఇగ గిఫ్టు డీడు. ఇయ్యాల మీ మీద అప్పు లేదు, దావా లేదు, మంచిదే. గనీ రావాల్సినోనికి ఎగ్గొట్టనీకె రాసిండ్రని తేలితే, 1882 ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్‌ కింద వాడు దీన్ని రద్దు చేయించుకోవచ్చు. పైంగ, పెండ్లాం పేరు మీద ఉత్తగ రాసిన ఇంటి కిరాయికి ఇన్‌కంటాక్సు మీరే కట్టాలె. ఇల్లు అమ్మది, పన్ను మీది.’

సారు దమ్ము తీసుకుని ఇంకో అస్త్రం తీశారు. ‘నాకు ఊళ్లె రెండెకరాలున్నది వకీల్‌ సాబ్‌. పట్టాదారు పాసుబుక్కున్నది. రైతు ఇల్లు జప్తు చేయరాదని సివిల్‌ ప్రొసీజర్‌ కోడ్‌ల ఉన్నదట గద?’

‘60వ సెక్షన్‌ల ఉన్నది. సేద్యం చేసుకొని బతికే రైతు, తాను ఉండే ఇల్లు. మీరు పింఛను మీద బతుకుతున్నరు, పైన రెండంతస్తుల్ల కండక్టరు, నర్సమ్మలు ఉంటున్నరు.’

కంపెనీల కాయిదం బయటికి తీయబోయి సారు సగంలో ఆగారు. వకీల్‌ సాబ్‌ చెయ్యి చాచి తీసుకున్నాడు. మన దగ్గర అలాంటిదానికి 2008 ఎల్‌ఎల్‌పీ చట్టం ఉందని, ఇల్లు దాని పేరు మీదికి మార్చాలంటే మళ్లీ స్టాంపు డ్యూటీ కట్టాలని, ఏటేటా లెక్కలు దాఖలు చేయాలని, మూడు కంపెనీలకు మూడు తాపలని చెప్పాడు. ‘మీ కిరాయి మీ ఆడిటరుకు సరిపోతది’ అన్నాడు. అమెరికాలో కూడా కంపెనీ పైసలు, సొంత పైసలు ఒకే జేబులో కలిపితే కోర్టు ఆ కంపెనీ ముసుగు తీసి ఓనరునే పట్టుకుంటుందట.

అప్పుడడిగాడు వకీల్‌ సాబ్‌, ఎవరూ అడగని మాట. ‘గివన్నీ ఇడిసిపెట్టుండ్రి. మీ సంపు మూత ఎట్లున్నది?’

సారు నా దిక్కు చూశారు. నేను గోడ మీది క్యాలెండరు దిక్కు చూశాను.

సారు ఇంటి సంపు గేటు లోపల, సరిగ్గా నడిచే దారిలో ఉంటుంది. సిమెంటు మూత ఒక మూల పగిలి, లోపలి ఇనుప చువ్వ తుప్పుపట్టి బయటికి వంగి ఉంటుంది. ఆ కంతకు గోనెసంచి కప్పి, సంచి లేవకుండా రెండిటుకలు పెట్టారు. కృష్ణా నీళ్లు వచ్చిననాడు కాలేజీ పోరగాండ్లు ఇటుకలు తీసి చూసి, మళ్లీ పెడితే పెడతారు, లేకుంటే లేదు. పక్కనే మోటరు. స్టార్టరు డబ్బాకు తలుపు ఊడితే నల్లటేపు చుట్టారు. ఎర్తింగు తీగ గోడదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. కండక్టరు బిడ్డకు నాలుగేళ్లు, ఆ పిల్ల ఆడుకునేది ఆ మూత మీదే.

‘దానికి గూడ షరతు రాసిన వకీల్‌ సాబ్‌. ఇరవై రెండో షరతు’ అన్నారు సారు, గొంతు కొంచెం తగ్గించి.

‘కండక్టరు సంతకం పెట్టిండు. ఆయన బిడ్డ పెట్టిందా? పొద్దుగాల పాలు పోసెటోడు పెట్టిండా? పగిలిందని తెలిసి బాగుజేయకపోతే గది నిర్లక్ష్యం. జరగరానిది జరిగి పానం పోతే 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌, అయిదేండ్లదాక శిక్ష. పాత ఐపీసీల రెండేండ్లే ఉండె. దావా పైసలకైతే ఆస్తి అడ్డం పెట్టొచ్చు. జైలుకు కంపెనీ పోదు సారూ, మనిషే పోవాలె. మూత చూసుకునేది మీరు గనుక మీరు. ఇల్లు అమ్మ పేరు మీదికి మార్చిండ్రు గనుక ఆమెను గూడ లాగుతరు. ఒక్క ముద్దాయి ఉండెటోడు, మీరే ఇద్దరిని జేసిండ్రు.’

బీమా తీసుకుంటే పోదా అని సారు చివరి ప్రయత్నం చేశారు. 2021 ఏప్రిల్‌ నుంచి కంపెనీలన్నీ అమ్ముతున్న భారత్‌ గృహ రక్ష పాలసీ మంచిదేనట. మంటలకు, పిడుగుకు, వరదకు ఇల్లు దెబ్బతింటే ఇస్తుంది. ఇంట్లో ఎవరికైనా దెబ్బ తగిలితే కట్టాల్సిన పరిహారానికి వేరే పాలసీ ఉండాలట. ‘అది గూడ తీస్కోండ్రి. గనీ ముందుగాల మేస్త్రిని పిలువుండ్రి’ అని వకీల్‌ సాబ్‌ ఫీజు తీసుకున్నాడు. రశీదిచ్చాడు.

సారు బామ్మర్ది మహబూబ్‌నగర్‌లో ఉంటాడు. పాలమూరు యూనివర్సిటీ పిల్లలకు గదులు కిరాయికిస్తాడు. ఒక్క కాయిదం రాయడు, నోటిమాటే. ఆయన సంపుకు ఇనుప మూత, తాళం. పిట్టగోడ ఛాతీదాకా ఉంటుంది. మోటరుకు కరెంటు లీకైతే వెంటనే బందయ్యే స్విచ్చు పెట్టించాడు. వానాకాలం నాచు పట్టకుండా మెట్లు గీకిస్తాడు. అయితే ఒక గది పోరడు ఎనిమిది నెలల కిరాయి ఎగ్గొట్టి, అడిగితే ‘కాయిదం చూపించు అంకుల్‌’ అంటున్నాడు. బావ కాయిదాలు బామ్మర్దికి, బామ్మర్ది మూత బావకు ఉంటే రెండు జిల్లాలూ సుఖంగా ఉండేవి. 15 రోజుల నోటీసు ఎట్లివ్వాలో చెప్పమని ఆయన బావకు ఫోన్‌ చేస్తుంటాడు. సారు నాలుగు పేజీల నోటీసు రాసి పంపుతారు, ఉత్తపుణ్యానికే.

వకీల్‌ దగ్గరి నుంచి వచ్చాక సంగతంతా భార్యకు చెప్పక తప్పలేదు. ఆమె బియ్యం చేటలో రాళ్లు ఏరుతూ అంతా విన్నది.

‘నా మీద గింత పావురం ఎప్పుడు పుట్టిందయ్యా అనుకున్న. కేసైతే నన్ను గూడ ముందల నిలబెట్టనీకెనా ఇల్లు రాసిచ్చింది?’

‘గట్ల గాదు...’

‘రిజిస్ట్రీ అయింది గద? ఇల్లు నాదే గద?’

సారు చట్టం తెలిసిన మనిషి. కాదనలేకపోయారు.

ఆ సాయంత్రమే మేస్త్రి వచ్చాడు. తెల్లారి ఇనుప మూత వచ్చింది, తాళం వచ్చింది. ఎలక్ట్రీషియన్‌ ఎర్తింగు గుంత తవ్వుతుంటే సారు పక్కన నిలబడి, ‘గుంతల ఎవరన్న పడ్తరు’ అని రెండు కుర్చీలు అడ్డం పెట్టారు. మొత్తం ఖర్చు విని, ఇంతకాలం స్టాంపు కాయిదాలకు, నోటరీకి పెట్టింది లెక్కేసుకుని, కాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. ఒకటో తారీఖున కిరాయిలన్నీ అమ్మగారి బ్యాంకు ఖాతాలో పడ్డాయి. టైలరుకు రశీదు బుక్కులోంచి మొదటి రశీదు చింపిచ్చింది కూడా ఆమే.

తర్వాత ఆమె స్టాంపు కాయిదం ఒకటి తెప్పించి సారు ముందు పెట్టింది. ఇల్లు తనదైనప్పుడు అందులో ఉన్నవాళ్లందరికీ కిరాయినామా ఉండాలి కదా అన్నది. కింది పోర్షను, పదకొండు నెలలు. షరతు ఒక్కటే: సంపు తాళం, మోటరు, పిట్టగోడ, మెట్ల నాచు, వీటన్నిటి బాధ్యత సదరు కిరాయిదారుదే. సారు అటూ ఇటూ తిప్పి చదివారు. తప్పు దొరకలేదు. సంతకం పెట్టి, అలవాటు కొద్దీ కింద ‘నా రాజీఖుషీతో’ అని రాయబోయారు.

‘గది అవసరం లేదు’ అని ఆమె పెన్ను గుంజుకుంది.