కుక్కపిల్లల పేరమ్మ

హైదరాబాద్‌లో వంద ఫ్లాట్లున్న ఏ అపార్ట్‌మెంటుకు వెళ్లినా ఒక పేరమ్మ తగులుతుంది. మియాపూర్‌లో బ్యాంకు ఉద్యోగి కావచ్చు, సైనిక్‌పురిలో రిటైరైన టీచరు కావచ్చు. నల్ల చుడీదార్ మీద తెల్ల వెంట్రుకలు, హ్యాండ్‌బ్యాగులో ఇంటి తాళాల పక్కన నులిపురుగుల మందు సీసా ఆమె ఆనవాళ్లు. ఏ ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉందో పెళ్లిళ్ల పేరయ్యకు తెలిసినట్టు, ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఏ కుక్క పిల్లల్ని పెట్టిందో, ఇంకా ఎన్ని మిగిలాయో ఈమెకు తెలుసు. కమీషన్ లేదు సరికదా, టీకాల ఖర్చు కూడా ఎదురు పెట్టుకుంటుంది.

ముందుగా ఫొటో. నిన్న మురిక్కాలువలోంచి తీసిన పిల్లకు షాంపూ స్నానం చేయించి, మెడకు ఎర్రగుడ్డ కట్టి, వాట్సాప్ గ్రూపులో పెడుతుంది: ‘45 రోజుల బాబు. బుద్ధిమంతుడు. మొదటి టీకా అయింది. పెరుగన్నం తింటాడు. పిల్లలంటే ప్రాణం.’ ఆ బుద్ధిమంతుడు అప్పటికే ఆమె చెప్పు ఒకటి నమిలేశాడన్న సంగతి ప్రకటనలో ఉండదు.

ఫోన్లు మొదలవుతాయి. “లాబ్రడార్ ఉందా మేడం?” “హచ్ కుక్క దొరుకుతుందా?” 2003లో ఓ ఫోన్ కంపెనీ ప్రకటనలో పిల్లాడి వెంట నడిచిన ఆ పగ్ ఇరవై ఏళ్లు దాటినా జనం మనసులోంచి పోలేదు. పేరమ్మ గొంతు సవరించుకుంటుంది. చప్పిడి ముక్కు వల్ల పగ్‌లకు ఊపిరాడక వచ్చే తిప్పలు, సైబీరియా చలికి పుట్టిన హస్కీ మే నెల ఎండలో పడే అవస్థ వరసగా వివరిస్తుంది. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నిబంధనలు చెబుతున్నాయని, అమ్మేవాడి రిజిస్ట్రేషన్ చూశారా అని నిలదీస్తుంది. లాబ్రడార్ అడిగినాయన నెమ్మదిగా ఫోన్ పెట్టేస్తాడు.

వీధికుక్క పిల్ల అయినా పర్వాలేదనేవాళ్లు లేకపోలేదు. వాళ్లూ ఓ ప్రశ్న అడుగుతారు: “మగదేనా?”

పేరమ్మకు ఒళ్లు మండేది ఇక్కడే. అయిదు పిల్లల్లో మగవి వారంలో వెళ్లిపోతాయి, ఆడవి మిగులుతాయి. అందులోనూ నల్లదైతే మరీ కష్టం. “ఆపరేషన్ చేయిస్తే ఏదైనా ఒకటే కదయ్యా!” అంటుంది. కుటుంబ నియంత్రణ అయిన వీధికుక్కకు గుర్తుగా చెవి అంచున చిన్న గాటు ఎందుకు పెడతారో లిఫ్టులో కలిసినవాళ్లకు కూడా చెబుతుంది. నాలుగో అంతస్తులో దిగాల్సినవాళ్లు రెండో అంతస్తులోనే దిగిపోతుంటారు.

తీరా ఒకరు ఆడపిల్లే కావాలని వస్తే అసలు పరీక్ష మొదలు. సొంతిల్లా, అద్దిల్లా? ఓనరు ఒప్పుకున్నాడా? అత్తగారికి కుక్కంటే మడి పట్టింపా? తిరుపతి వెళ్తే ఎవరు చూస్తారు? బాల్కనీకి గ్రిల్లుందా? “గేటు దగ్గర కట్టేస్తాం, కాపలాకు” అన్నవాడికి ఆ క్షణానే సంబంధం తప్పిపోతుంది. ఆర్నెల్లలో అమెరికా వెళ్లే సాఫ్ట్‌వేర్ కుర్రాడిదీ అదే గతి. చేతిలో పిల్లలు పెరిగిపోతున్నాయని దిగులుపడేదీ ఆమే, వచ్చిన సంబంధాలన్నీ తిప్పికొట్టేదీ ఆమే.

జీహెచ్‌ఎంసీ 2025 ఆగస్టులో బంజారాహిల్స్ జలగం వెంగళరావు పార్కులో వీధికుక్క పిల్లల దత్తత మేళా పెట్టినప్పుడు పేరమ్మలు పొంగిపోయారు. అదే నెల 22న వీధికుక్కల కేసులో ఉత్తర్వు ఇస్తూ, దత్తత తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవాళ్లదేనని సుప్రీంకోర్టు అంది. “నేనెప్పట్నుంచో మొత్తుకుంటున్నదే కదా” అన్నది పేరమ్మ వ్యాఖ్య. 1992లో నటి అమల హైదరాబాద్‌లో జంతు సంక్షేమ సంస్థ బ్లూక్రాస్ పెట్టిన సంగతి తర్వాత ఆమె ఎక్కువగా తలుచుకునేది ఈ ఉత్తర్వునే.

పిల్లను అప్పగించాక కూడా వదలదు. రేబిస్ టీకా మూడో నెలలో, ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష నోటికి అందకూడదు, ఆదివారం ఆదివారం ఫొటో పంపాలి. ఫొటో రాకపోతే సోమవారం సాయంత్రానికి “ఇటుగా వెళ్తూ వచ్చాను” అంటూ గుమ్మంలో ప్రత్యక్షం. సంబంధం కుదరని పిల్లలు ఆమె ఇంట్లోనే, ‘రెండ్రోజులకే’ అన్న హామీ మీద ఉంటాయి. ఆ హామీ మీద వచ్చిన మూడు కుక్కలకు భర్త రోజూ అన్నం కలుపుతుంటాడు.

కుక్కలున్న ఫ్లాట్లకు నోటీసులిచ్చిన అసోసియేషన్ సెక్రటరీ ఓ సాయంత్రం ఆమె తలుపు తట్టాడు. పెంపుడు జంతువుల్ని నిషేధించే హక్కు అసోసియేషన్లకు లేదన్న జంతు సంక్షేమ బోర్డు కాగితం లామినేషన్ చేయించి సిద్ధంగా ఉంచుకుంది కాబట్టి, దాన్ని పట్టుకునే తలుపు తీసింది.

“గొడవకు రాలేదండీ. మా అమ్మాయి ఆ నల్లపిల్ల కావాలని అన్నం మానేసింది.”

పేరమ్మ కాగితం పక్కన పెట్టి ఫారం తీసింది. “కూర్చోండి. సొంత ఫ్లాటేనని తెలుసు. మీ ఆవిడకు ఇష్టమేనా?”

“ఇంకా చెప్పలేదండీ.”

“అయితే ఆవిడను తీసుకుని ఆదివారం రండి. మీ ఒక్కరి మాట మీద పిల్లనివ్వలేను.”