డ్రోనుకు దిష్టి

మా నంద్యాల వైపు హెలిప్యాడును కట్టరు, మొలిపిస్తారు. ముందు రోజు పొద్దుగూకేదాకా అది కాలేజీ మైదానమే. ఒక పక్క పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు, ఇంకో పక్క ఎవరివో బర్రెలు మేస్తుంటాయి. తెల్లారి చూస్తే రోలరు తిరిగిపోయి ఉంటుంది. చుట్టూ కట్టెలు పాతి, నడుమ సున్నంతో పెద్ద గుండ్రం గీసి, అందులో హెచ్ అక్షరం వేసి ఉంటారు. ఓ మూల గాలి ఎటు వీస్తుందో చెప్పే గుడ్డగొట్టం ఊగుతుంటుంది. దుమ్ము లేవకుండా ట్యాంకరు వచ్చి నేల తడిపిపోతుంది. ఎండాకాలంలో మా వీధివాళ్ళు ఎన్ని అర్జీలు పెట్టినా దారి తెలియని ట్యాంకరు అది. పెద్దమనిషి వచ్చి వెళ్ళిన రెండో రోజుకు హెచ్ మీద మళ్ళీ బర్రెలు.

ఇలా మొలిచే హెలిప్యాడు ఢిల్లీవాళ్ళ పటంలో ఉండదు. పౌర విమానయాన శాఖ 2021 సెప్టెంబరులో డ్రోన్లవాళ్ళ కోసం దేశం మొత్తానికీ ఆకాశ పటం విడుదల చేసింది. ఎర్రరంగు ఉన్నచోట కేంద్రం అనుమతి లేనిదే ఎగరేయరాదు. పసుపు ఉంటే విమానాల రాకపోకలు చూసే అధికారులను అడగాలి. పచ్చగా ఉంటే 400 అడుగుల దాకా ఎవరినీ అడగనక్కర్లేదు. ఈ రంగులకు మా జిల్లాలో వేరే అర్థాలున్నాయి, అవి ఎన్నికలప్పుడు మాట్లాడుకుందాం. నిన్న పుట్టి రేపు పోయే హెలిప్యాడుకు పటంలో చోటెవరిస్తారు? మా కాలేజీ మైదానం పటంలో పచ్చగా ఉంది. నేల మీద కూడా అంత పచ్చగా ఎన్నడూ లేదు.

నేను రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ణి. తూర్పున ఫలానావారి చేను, పడమట రస్తా, ఉత్తరాన వంక, దక్షిణాన ప్రభుత్వ బంజరు అని జీవితమంతా హద్దులు రాశాను. జానెడు గట్టు కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కడం చూశాను. కానీ పైన హద్దు ఏమిటని ఎవరూ అడగలేదు, నేనూ రాయలేదు. ఆ లోటు మా అక్క కొడుకు తీర్చాడు.

వాడికి ఆళ్లగడ్డలో ఫొటో స్టూడియో ఉంది. ఆళ్లగడ్డ పేరు చెబితే బయటి ఊళ్ళవాళ్ళకు సినిమాల్లో గాల్లోకి లేచే సుమోలు గుర్తొస్తాయి. మాకు ఉలి చప్పుడు వినబడుతుంది. షెడ్ల ముందు వినాయకులు, ఆంజనేయులు, చనిపోయిన నాయకులు వరసగా నిలబడి లారీ కోసం ఎదురుచూస్తుంటారు. శిల్పం పూర్తయ్యి క్రేను దాన్ని ఎత్తుతుంటే పైనుంచి వీడియో తీయడం మావాడి సంపాదనలో సగం. మిగతా సగం పెళ్ళిళ్ళు. మా రోజుల్లో కొత్త దంపతులు తల ఎత్తి అరుంధతిని చూసేవాళ్ళు, ఇప్పుడు డ్రోనును చూస్తున్నారు. అరుంధతి కనబడకపోయినా కనబడిందనేవాళ్ళం. డ్రోను విషయంలో ఆ మర్యాద కుదరదు, బ్యాటరీ అయిపోతే నెత్తిమీదికే వస్తుంది. అహోబిలంలో ఒక జంటను ఆకాశం నుంచి తీద్దామని పోతే అటవీశాఖవాళ్ళు పెట్టె తెరవక ముందే వెనక్కి పంపారు. గరుత్మంతుడు తపస్సు చేసిన కొండ అది. అక్కడ ఎగిరే హక్కు ఆయన తరువాత ఇంకెవరికీ రాసివ్వలేదు.

వాడి డ్రోను మన దేశంలో తయారైనదే. కువైట్‌లో ఉన్న బంధువు మంచి విదేశీ డ్రోను తెస్తానన్నాడు గానీ, 2022 ఫిబ్రవరి నుంచి వాటి దిగుమతి మీద నిషేధం ఉంది. బంగారం సంగతి కస్టమ్స్‌వాళ్ళతో మాట్లాడుకోవచ్చుగానీ రెక్కలున్నవాటి జోలికి వద్దన్నాను.

ఇంతలో నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ప్రారంభోత్సవం వచ్చిపడింది. రిబ్బను కత్తిరించే పెద్దమనిషి హెలికాప్టర్‌లో వస్తున్నాడు. ఆసుపత్రి వెనకాలే మైదానం, మైదానంలో రాత్రికి రాత్రి హెలిప్యాడు. హెలికాప్టర్ దిగడం, వెనక తమ అయిదంతస్తుల భవనం, రెండూ ఒకే ఫ్రేములో పైనుంచి రావాలని డాక్టర్‌గారి కోరిక. మావాణ్ణి పిలిపించి అడ్వాన్సు చేతిలో పెట్టారు. సలహాకు నన్ను కూడా పిలిచారు, ఎందుకంటే ఆసుపత్రి స్థలం దస్తావేజు రాసింది నేనే.

"నాలుగు వందల అడుగుల దాకా అడగబన్లేదంట గదా సార్," అన్నారు డాక్టర్‌గారు. "హెలికాప్టర్ వెయ్యి అడుగుల్లో వస్తాది. మనోడు కింద వంద అడుగుల్లో ఉంటాడు. దాని దారి దానిది, మన దారి మనది."

"వెయ్యి అడుగుల్లో వచ్చేది వంద అడుగులు దాటకుండా నేల మీదికి ఎట్ల దిగుతాది డాక్టర్‌గారూ?"

ఆయన కాఫీ తెప్పించారు.

నాకు గెజిట్ చదివే వ్యసనం ఉంది. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనలు బాగా నచ్చాయి, ఎందుకంటే పాతిక ఫారాలను అయిదుకు, 72 రకాల ఫీజులను నాలుగుకు తగ్గించిన కాగితం నా సర్వీసులో ఒక్కటీ చూడలేదు. అందులో మనుషులున్న విమానానికి డ్రోను ఎప్పుడూ దారి వదలాలని ఉంది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బండి మీద పోయే ప్రతివాడికీ ఈ సూత్రం పుట్టుకతో తెలుసు: లారీ వస్తే బస్సు, బస్సు వస్తే ఆటో, ఆటో వస్తే మనం పక్కకు దిగాలి. ఆకాశంలోనూ అదే. కాకపోతే అక్కడ రాసిపెట్టారు, తప్పితే లక్ష రూపాయల దాకా జరిమానా.

హెలికాప్టర్ గాలికి ఎదురుగా, నేలకు దగ్గరగా జారుతూ వచ్చి దిగుతుంది. ఆ సమయంలో పైలట్ కళ్ళు కరెంటు తీగల మీద, చెట్ల మీద, ఆ గుడ్డగొట్టం మీద ఉంటాయి. అరచేతిలో పట్టే డ్రోను ఆయనకు కనబడదు. డ్రోనువాడి కళ్ళేమో ఫోను తెర మీద ఉంటాయి, తెరలో ముందున్నది తప్ప వెనకున్నది రాదు. 2017 సెప్టెంబరు 21న న్యూయార్క్ దగ్గర ఒక డ్రోను అమెరికా సైన్యం బ్లాక్‌హాక్ హెలికాప్టర్‌కు తగిలింది. రెక్క దెబ్బతిన్నా హెలికాప్టర్ క్షేమంగా దిగింది. ఎగరేసినవాడు రెండున్నర మైళ్ళ అవతల కూర్చుని, అధికారులు వచ్చి చెప్పేదాకా తన డ్రోను ఏమైందో తెలియక ఉన్నాడు. 2025 జనవరిలో లాస్ ఏంజెలిస్ అడవులు తగలబడుతుంటే మంటలార్పే విమానం రెక్కకు ఒక చిన్న డ్రోను తగిలి చిల్లు పడింది. ఊరు కాలుతుంటే ఆ విమానం మరమ్మతుకు పోయింది. మంటలు ఎట్లున్నాయో చూద్దామని ఎగరేశాడట ఆ మహానుభావుడు.

ఈ రెండూ చెప్పినా డాక్టర్‌గారి ముఖం మారలేదు. అమెరికా కథలు ఆయనకు కొత్త కాదు, ఇద్దరు పిల్లలూ అక్కడే ఉన్నారు. అప్పుడు ఇంకో మాట అన్నాను. "రుషికేశ్ ఎయిమ్స్‌లో 2024 అక్టోబరులో సంజీవని పేరుతో హెలి అంబులెన్సు మొదలుపెట్టినారు. రేప్పొద్దున మీ ఆసుపత్రికీ అట్లాంటిది వస్తాది. లోపల గుండెపోటు మనిషి, మైదానం పైన ఎవడో పెళ్ళి వీడియోవాడు. పైలట్ దిగకుండా చుట్టూ తిరుగుతా ఉంటే మీరు మేడ మీద నిలబడి ఎవరిని తిడతారు?"

"హెలి అంబులెన్సు" అన్నమాట ఆయనకు నచ్చింది. కరపత్రంలో వేయించవచ్చా అని అడిగారు.

మా ప్రాంతంవాళ్ళకు హెలికాప్టర్ అంటే సరదా ఒక్కటే కాదు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి ఎక్కిన హెలికాప్టర్ నల్లమల మీద కనబడకుండా పోయింది. మర్నాడు పావురాల గుట్ట మీద దొరికేదాకా జిల్లా అంతా ఊపిరి బిగబట్టింది. ఇప్పటికీ మబ్బు పట్టిన రోజు ఆ చప్పుడు వినబడితే మా వీధి ముసలమ్మలు బయటికొచ్చి, అది దాటిపోయేదాకా నిలబడతారు.

అనుమతి సంగతి కనుక్కుందామని మావాణ్ణి వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కు పోయాను. ఎస్సైగారు చదువుకున్నవారు. "సార్, పటంలో పచ్చగుంటే గుండనీ. ఎస్పీ ర్యాంకుకు తగ్గని ఆఫీసరు ఆర్డరిస్తే ఎక్కడైనా 96 గంటల దాకా తాత్కాలిక రెడ్ జోన్. రేపటికి ఆర్డరు వచ్చేసింది," అని కాగితం చూపించారు. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా అయినప్పుడు, ఏమొరిగిందని అడిగినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఎస్పీ ఆర్డరు కోసం కర్నూలు దాకా పోకుండా ఊళ్ళోనే 'కాదు' అనిపించుకునే సౌకర్యం వచ్చింది.

ఎస్సైగారు చివర్లో మావాడి డ్రోను చేతిలోకి తీసుకుని, "బరువెంత?" అన్నారు.

"249 గ్రాములు సార్."

"ఈ నిమ్మకాయతో కలిపా?"

నిమ్మకాయ మా అక్క కట్టింది. పోయిన ఏడాది ఓ పెళ్ళిలో డ్రోను కొబ్బరిచెట్టుకు తగులుకున్నప్పటి నుంచి నల్లదారం, నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు లేనిదే దాన్ని గడప దాటనివ్వదు. లారీకి కడతాం, షాపుకు కడతాం, దీనికెందుకు కట్టకూడదని ఆమె వాదన.

వచ్చేదారిలో కిరాణా అంగట్లో తూచాం. జీలకర్ర, యాలకులు తూచే కాటా అది, గ్రాము తేడా కూడా చూపిస్తుంది. "ఇది గూడా కేజీల్లెక్కన అమ్ముతారా సార్?" అన్నాడు అంగడతను. అంకె 294 దగ్గర ఆగింది.

ఇంటికొచ్చి అక్కను కూర్చోబెట్టాను. "అక్కా, 250 గ్రాముల దాకా అయితే దాన్ని నానో అంటారు, పైలట్ సర్టిఫికెట్ అడగరు. దాటితే మైక్రో. సరదాకు ఎగరేసుకుంటే దానికీ అడగరు గానీ, నీ కొడుకు దుడ్లు తీసుకుని ఎగరేస్తాండాడు. శిక్షణకు పోయి సర్టిఫికెట్ తెచ్చుకోవల్ల."

"నిమ్మకాయ కట్టినందుకు సర్టిఫికెట్టా? ఏం చోద్యంరా!"

"నిమ్మకాయకు గాదు, దాని బరువుకు. పైగా ఓర్వకల్లు వైపు పోతే నీ నిమ్మకాయ పనిజేయదు. కర్నూలు దగ్గర డీఆర్‌డీఓవాళ్ళు 2025 ఏప్రిల్‌లో లేజరు కిరణంతో డ్రోన్లను కూల్చి చూపించినారు. ముప్పై కిలోవాట్ల దిష్టి అది."

అక్క ఏమీ అనలేదు. లేజరుకు ఏం కట్టాలో ఆలోచిస్తున్నట్టుంది.

మర్నాడు పదింటికి రావలసిన హెలికాప్టర్ ఒంటిగంటన్నరకు వచ్చింది. ఈ లోపల మైదానం పైన ఎగిరింది ఒక్కటే, ఏడెనిమిదేళ్ళ పిల్లవాడి గాలిపటం. ఎస్సైగారు పరుగెత్తారు. నేనూ వెనకాలే పోయి, ఊరికే ఉండలేక, 1934 నాటి విమాన చట్టం నిర్వచనంలో గాలిపటం పేరు కూడా ఉందని, తొంభై ఏళ్ళు ఏలిన ఆ చట్టం స్థానంలో 2025 జనవరి 1న కొత్త చట్టం వచ్చిందని వివరించాను. "అట్లయితే నేను పైలట్టా సార్?" అన్నాడు పిల్లవాడు. ఎస్సైగారు వాడి పటాన్ని తన జీపులో భద్రంగా పెట్టించి, నా వైపు మాత్రం అదోలా చూశారు.

హెలికాప్టర్ దిగుతుంటే ట్యాంకరు చల్లిన నీళ్ళన్నీ ఎండకు ఎప్పుడో ఆరిపోయాయి గనక, మైదానం లేచి ఆసుపత్రిలోకి నడిచొచ్చింది. షామియానా ఒక మూల విప్పుకుంది. డాక్టర్‌గారి ఉపన్యాసం కాగితాలు గాల్లోకి లేచి నాలుగో అంతస్తు దాకా పోయాయి. ఆ గాలిలో పావుకిలో డ్రోను ఉంటే ఎక్కడ తేలేదో! మావాడు ఎదురింటి మిద్దె మీద స్టాండు వేసుకుని, పెద్ద లెన్సుతో తీశాడు. హెలికాప్టర్, భవనం, పెద్దమనిషి పంచె పట్టుకుని దిగడం, వెనక కాగితాలు, అన్నీ ఒకే ఫ్రేములో వచ్చాయి. డాక్టర్‌గారికి నచ్చింది. కాగితాలను పావురాలనుకున్నారు.

భవనాన్ని పైనుంచి తీసే పని మిగిలింది. ఎస్పీగారి ఆర్డరు గడువు తీరాక, పటం ఇంకోసారి చూసుకుని, పైన ఏ చప్పుడూ లేదని నిలబడి విని మరీ ఎగరేశాడు. దాని ఒంటి మీద వంద రూపాయల ఫీజుతో వచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు ఉంది, నిమ్మకాయ లేదు.

ఆ సాయంత్రం అక్క కిరాణా అంగడికి పోయి వచ్చింది. చేతిలో ఒకే ఒక్క ఎండుమిరపకాయ.

"తూపించినాను," అంది. "సరిగ్గా ఒక గ్రాము. 249కి ఒకటి కలిపితే 250. రూల్లో 250 దాకా అని ఉండాదా, లోపల అని ఉండాదా, చూసి చెప్పు."

గెజిట్ తీసి చూశాను. 250కి సమానమైనా నానోనే.

"నల్లదారం బరువు?" అన్నాను.

"దారం ఎందుకురా? గమ్‌తో అంటిస్తా."

గమ్ బరువు సంగతి నేనెత్తలేదు.