నాడి చూసే రోజులు పోయాయి

జంపనిలో పాత అంబాసిడర్ మొరాయిస్తే వైద్యం సులువుగా ఉండేది. బానెట్ ఎత్తి, కార్బురేటర్ విప్పి ఉఫ్ అని ఊది, నలుగురు కలిసి తోస్తే సరి. తోసినవాళ్లకు తలా ఒక టీ. అదే బిల్లు.

మొన్న మా బావగారి కొత్త కారు వేమూరు రోడ్డు మీద ఆగింది. డాష్‌బోర్డులో పసుపుపచ్చగా ఇంజిన్ బొమ్మ వెలిగింది. ముప్పై ఏళ్ల అనుభవమున్న మెకానిక్ వచ్చి, స్పానర్ జేబులో పెట్టేసుకున్నాడు. "జ్వరమో జలుబో నేను చెప్పలేను బాబాయ్, స్కానర్ చెప్పాలి."

స్కానర్ తెచ్చారు. కంట్రోల్ మాడ్యూల్ పోయిందంది. కొత్తది కొని బిగిస్తే కారు దాన్ని గుర్తుపట్టలేదు! కంపెనీ సాఫ్ట్‌వేర్ దగ్గరుండి పరిచయం చేయాలట. పెళ్లిచూపులకైనా ఇంత తతంగం లేదు.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక పొగ తగ్గిన మాట నిజమే, కాదనను. సెన్సర్లు మాత్రం పెరిగాయి. 2022 డిసెంబరులో కేంద్రం 'రైట్ టు రిపేర్' పోర్టల్ కూడా తెరిచింది. హక్కు ఢిల్లీలో ఉంది, కారు జంపని పొలాల పక్కన ఉంది.

చివరికి ట్రాక్టరుకు తాడు కట్టి తెనాలి లాక్కెళ్లారు. బావగారు రేపల్లె ప్యాసింజరెక్కారు. సీటు దొరికిందో లేదో, ఫోన్‌కి కారు యాప్ నుంచి మెసేజ్: "మీ వాహనం కదులుతోంది. శుభ ప్రయాణం!"